పర్లాకిమిడి: రెండు రాష్ట్రాల మధ్య ఒక సంత ఊరు

మా తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాళ్ళలో ఎక్కువమందిమి తెలుగు పండితులం కాము. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని, శుక్రవారం ఉదయం పిల్లల చేత గుణింతాలు దిద్దించే ఇంజినీర్లం. ఎప్పుడో పదో తరగతిలో చదివిన వ్యాకరణం, ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్న మాటలు, ఇండియా నుంచి సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన వాచకాలు, ఇవే మా పెట్టుబడి. కాబట్టి పిల్లల తప్పులు దిద్దేటప్పుడు మేమూ తప్పులు చేస్తాం. అలా చేసిన ఒక తప్పు పుణ్యమా అని మేము ఒక ఊరి గురించి చాలా తెలుసుకున్నాం. ఆ ఊరి కథే ఈ వ్యాసం.

వేసవి సెలవుల తర్వాత పిల్లలకు "సెలవుల్లో నేను చూసిన ఊరు" అని పది వాక్యాలు రాయమన్నాం. చాలామంది హైదరాబాదు, తిరుపతి, విశాఖపట్నం బీచి గురించి రాశారు. ఒక బాబు మాత్రం, తాతగారితో కలిసి పర్లాకిమిడి సంతకు వెళ్ళానని రాశాడు. తాత "బేగి రా" అన్నాడట. వీడు కొత్త టోపీని సంతలో "ఒగ్గేసి" వచ్చాడట. మేము ఎర్ర పెన్నుతో "బేగి" కొట్టేసి "త్వరగా" అని, "ఒగ్గేసి" కొట్టేసి "వదిలేసి" అని రాసి, పదికి ఆరు మార్కులు వేసి పంపాం. మరుసటి వారం వాళ్ళ నాన్నగారు వచ్చారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర పల్లె. ఇక్కడ ఒక కంపెనీలో పైపింగ్ సూపర్‌వైజరు. పుస్తకం తెరిచి చూపించి, కోపం లేకుండానే అడిగారు: "ఇదేటి మాస్టారూ, మా ఊళ్ళో అందరం ఇలాగే అంటాం కదా, తప్పెలాగవుద్దండి? గిడుగు రామ్మూర్తి పంతులు గారు పాఠం చెప్పిన ఊరు మా పక్కదే."

మేము ఏటా ఆగస్టు 29న పిల్లల చేత తెలుగు భాషా దినోత్సవం చేయిస్తాం. గిడుగు వారి ఫోటోకి దండ వేస్తాం. ఆయన పుట్టినరోజు కనుక ఆ రోజు అని అందరికీ తెలుసు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఊరు ఈ పిల్లవాడు టోపీ పారేసుకున్న సంత ఊరేనని మాత్రం మాలో ఇద్దరు ముగ్గురికి మించి తెలియదు.

మన పిల్లలకు సరిహద్దు అంటే బహ్రెయిన్ వంతెన. 1986లో తెరిచిన ఆ పాతిక కిలోమీటర్ల దారిలో, సముద్రం మధ్య దీవి మీద కారు ఆపి, పాస్‌పోర్టులు ఇచ్చి, ముద్రలు కొట్టించుకోవాలి. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి అలాంటిదేమీ లేదు. ఆటో ఎక్కితే కాసేపట్లో దిగిపోతాం. దారిలో ఎక్కడో ఆంధ్రప్రదేశ్ అయిపోయి ఒడిశా మొదలవుతుంది. దుకాణాల బోర్డుల మీద గుండ్రటి తెలుగు అక్షరాలు పోయి, ఇంకాస్త గుండ్రటి ఒడియా అక్షరాలు వస్తాయి. బోర్డు కింద కూర్చున్న షావుకారు మాత్రం మీరు ఏ భాషలో బేరమాడితే ఆ భాషలో జవాబిస్తాడు.

ఊరికి ఒడియాలో పారలాఖెముండి అని పేరు. చుట్టుపక్కల పెదకిమిడి, చినకిమిడి అని మరో రెండు పాత జమీందారీలు ఉండేవి. ఇది మూడో కిమిడి. ఊరి పక్క నుంచి మహేంద్రతనయ పారుతుంది. మహేంద్రగిరి కొండల్లో పుట్టింది కనుక మహేంద్రుడి కూతురట. నదికి ఇంత మంచి పేరు పెట్టిన పెద్దలెవరో గాని, పిల్లల చేత చెప్పిస్తే నోరు బాగా తిరుగుతుంది, ప్రయత్నించి చూడండి. ఇప్పుడు ఇది ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. పాత గంజాం జిల్లాను విడగొట్టి 1992 అక్టోబరు 2న ఈ జిల్లా ఏర్పాటు చేశారు. కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, బొమ్మలు చెక్కే పనివాళ్ళకు ఊరు పేరు పొందింది.

సంత ఊరు అని ఎందుకంటున్నామంటే, ఇది కొండకీ మైదానానికీ మధ్య గుమ్మంలాంటిది. కొండల మీద సవరలు ఉంటారు. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు, పనసకాయలు కావిళ్ళకెత్తుకుని కిందికి దిగుతారు. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు కొనుక్కుని పైకి వెళతారు. కింద పొలాల్లో తెలుగు రైతులు, ఒడియా రైతులు. ఈ ముగ్గురూ కలిసేచోటు సంత.

ఇక్కడ ఒక విశేషం ఉంది. మేము ఇంజినీర్లం కనుక మాకు ఇది మరీ నచ్చింది. తెలుగు ద్రావిడ భాష. దాని చుట్టాలు తమిళం, కన్నడం, గోండి. ఒడియా ఆర్య భాషా కుటుంబానిది. దాని చుట్టాలు బెంగాలీ, హిందీ. మరి సవర? అది ఈ రెండూ కాదు. ముండా భాషల్లో ఒకటి. దాని దూరపు చుట్టాలను వెతకాలంటే మేఘాలయలో ఖాసీల దగ్గరికి, అక్కడి నుంచి కంబోడియా, వియత్నాం దాకా పోవాలి. అంటే అరటిపళ్ళ గంపకూ ఎండుచేపల గంపకూ మధ్య, పది అడుగుల జాగాలో, మూడు భాషా కుటుంబాలు బేరమాడుకుంటున్నాయన్నమాట. మనం "నీళ్ళు" అంటాం, ఒడియావాళ్ళు "పాణి" అంటారు. సవరలు చెప్పే మాట "డా"తో మొదలవుతుంది, కాని దాని నడుమ గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. ఆ ధ్వనికి మన అక్షరమాలలో అక్షరం లేదు. ఇక్కడ అరబిక్ క్లాసుకు వెళ్ళే మన పిల్లలకు మాత్రం వెంటనే తెలిసిపోతుంది. అది హమ్జా!

ఆ సంత ఊరికి 1880లో పదిహేడేళ్ళ కుర్రవాడు ఒకడు ఉద్యోగానికి వచ్చాడు. పేరు గిడుగు వేంకట రామమూర్తి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. విజయనగరంలో చదువుకున్నాడు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. పై చదువుకు డబ్బు లేక, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరాడు. మెట్రిక్ తర్వాత చదువంతా ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదివి బి.ఏ. అయ్యాడు. ఊరికి చేరువలోని ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు నేర్చుకున్నాడు. గాంగ రాజుల శాసనాలు పరిష్కరించి ఇంగ్లీషు పరిశోధన పత్రికల్లో అచ్చు వేయించాడు. ఇదంతా గురువు లేకుండా, ఊళ్ళో పెద్ద గ్రంథాలయం లేకుండా! మనం ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తి చేయడానికి ఎన్ని సాకులు వెతుక్కుంటామో గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

కొండ మీద నుంచి దిగే సవరలతో బజారులో వ్యాపారులు మాట్లాడేది నాలుగు బేరం మాటలే. వాళ్ళ భాషలో వాళ్ళ పిల్లలకు బడి ఉండాలని ఆలోచించినవాళ్ళు లేరు. రామమూర్తి గారికి ఆ ఆలోచన వచ్చింది. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి పల్లెల్లో తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి విపరీతంగా క్వినైన్ మింగడంతో చెవుడు వచ్చింది, బతికున్నంత కాలం పోలేదు. మాటల్ని చెవితో విని పట్టుకునే పని చేసిన మనిషికి చెవులు పోవడం ఎంత అన్యాయమో చూడండి. అయినా ఆయన ఆపలేదు. సవర వాచకాలు, కథలు, పాటలు తెలుగు లిపిలో పెట్టారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆ పనికి ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, నాకెందుకు, దానితో సవరలకు బడి పెట్టండి అన్నారని చెబుతారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. కుమారుడు గిడుగు సీతాపతి గారు కూడా అదే పనిలో తండ్రికి తోడుగా నిలిచారు.

తెలుగు గొడవ దీని తర్వాత వచ్చింది. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయుడికి ఒక సందేహం కలిగింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు మరొకటి, ఎందుకని? విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనను గురజాడ వారి వైపు, గిడుగు వారి వైపు పంపించారు. రామమూర్తి గారికి ఈ ప్రశ్న కొత్త కాదు. సవర పిల్లవాడికి పరాయి భాషలో పాఠం చెప్పడం తప్పయితే, తెలుగు పిల్లవాడికి వాడెన్నడూ వినని తెలుగులో పాఠం చెప్పడం కూడా తప్పే కదా!

అక్కడి నుంచి మూడు దశాబ్దాలు పోరాటం. ఎదుటి పక్షంలో జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు. 1910ల్లో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసం వాడుక భాషలో రాసుకోవచ్చని వచ్చిన వెసులుబాటు కొద్దికాలానికే పోయింది. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టారు. పాత కవుల్లోనూ పాత వచనంలోనూ వాడుక మాటలు ఎన్ని ఉన్నాయో ఏరి "బాలకవి శరణ్యం", "గద్యచింతామణి" తయారు చేశారు. ఆయన పద్ధతి మాకు బాగా పరిచయమైనట్టే అనిపించింది. ఎదుటివాళ్ళు ఇది తప్పు అంటే, వాదన పెట్టుకోకుండా లాగ్ ఫైల్ తెరిచి, ఇదిగో ఫలానా చోట మీ పెద్దలే రాశారు, చూడండి అనడం!

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పిల్లవాడి పుస్తకం గురించి మా టీచర్ల సమావేశంలో చర్చ వచ్చినప్పుడు, మాలో ఒకావిడ, బాగా చదువుకున్నావిడ, అడ్డం తిరిగారు. "గిడుగు వారు కోరింది శిష్ట వ్యావహారికం. చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే తెలుగు. ఆయన కూడా బేగి, ఒగ్గేసి అని వాచకంలో రాయించలేదు" అన్నారు. నిజమే. ఆయన పేరు చెప్పి ఏ మాటైనా పరీక్షలో రాయవచ్చు అనడం కుదరదు. మా దగ్గర జవాబు లేక కాసేపు టీ తాగుతూ కూర్చున్నాం. తర్వాత ఇంకొకరు అడిగారు: "మరి సవర పిల్లలకు ఆయన ఏం చేశారు?" వాళ్ళకు ముందు తెలుగు నేర్పి ఆ తర్వాత చదువు చెప్పలేదు. ముందు వాళ్ళ ఇంటి భాషలో మొదలుపెట్టారు. మా చర్చ అప్పుడు దారిలో పడింది. మేము ఆ బాబుకు "త్వరగా" అనే మాట నేర్పవలసిందే. దానికోసం "బేగి" కొట్టేయవలసిన పని లేదు. పైగా అది "వేగం"కు దగ్గర చుట్టం లాగా కనబడుతుంటే, దాన్ని తప్పు అనడానికి మేమెవరం?

ఇక సరిహద్దు గీత సంగతి. గిడుగు వారు వచ్చిన నాటికి పర్లాకిమిడి మద్రాసు రాజధానిలో, గంజాం జిల్లాలో భాగం. ఒడియా మాట్లాడే ప్రాంతాలు బెంగాలులో, మద్రాసులో, మధ్య పరగణాల్లో చెదిరి ఉండేవి. వాటన్నిటినీ కలపాలని ఉత్కళ సమ్మేళనం ఉద్యమం చేసింది. 1914లో వారి సభ పర్లాకిమిడిలోనే జరిగింది. ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఆ ఉద్యమానికి అండగా నిలిచారు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒరిస్సా కోసం వాదించారు. రామమూర్తి గారు తెలుగువారి పక్షాన నిలబడి, పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపవద్దన్నారు. ఒకప్పుడు జీతమిచ్చిన సంస్థానం ఒకవైపు, అక్కడ పాఠాలు చెప్పిన పంతులు ఇంకోవైపు!

1933లో బ్రిటిషు ప్రభుత్వం వేసిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒరిస్సాలో లేదు. ఒడియా వారు గట్టిగా పోరాడారు. చివరికి పార్లమెంటు సంయుక్త కమిటీ జమీందారీని రెండుగా చీల్చింది. పట్నం, కొండ ప్రాంతం ఒరిస్సాకు పోయాయి. పాతపట్నం, టెక్కలి వైపు భాగం మద్రాసులో ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. మహారాజా వారు 1937లో దాని తొలి ప్రధానమంత్రి అయ్యారు. తన జమీందారీలో పెద్ద భాగం పోగొట్టుకుని కూడా రాష్ట్రం సాధించారని ఒడిశాలో ఆయనను ఇప్పటికీ పూజిస్తారు. గజపతి జిల్లాకు ఆ పేరు అందుకే. మన పుస్తకాల్లో ఒక వైపు కథే ఉంటుంది కాబట్టి ఇది కూడా పిల్లలకు చెప్పాలనుకున్నాం. చెదిరిపోయిన తమవాళ్ళను ఒక్కచోట చేర్చుకోవాలనే కోరిక మనకు అర్థం కానిది కాదు. మనమూ 1953లో, 1956లో అదే చేశాం.

రామమూర్తి గారికి అప్పటికి 72 ఏళ్ళు. ఆ ఊరికి వచ్చి 56 ఏళ్ళు. కొత్త రాష్ట్రం ప్రారంభమయ్యే ముందు రోజు ఉదయమే ఇల్లూ వాకిలీ వదిలి, మహేంద్రతనయలో స్నానం చేసి, రాజమండ్రి వెళ్ళిపోయారని చెబుతారు. మళ్ళీ ఆ ఊళ్ళో కాపురం పెట్టలేదు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఈ భాగం చదివినప్పుడు మాలో ఎవరమూ మాట్లాడలేదు. ఇకామా మీద ఇరవై ఏళ్ళుగా పరాయి దేశంలో ఉంటున్నవాళ్ళం. ఒక రోజు సామాను సర్దుకుని పోవలసిందేనని తెలిసినవాళ్ళం. మనకైనా ముందే తెలుసు. ఆయన మాత్రం కదలకుండానే పరాయి రాష్ట్రం వాడయ్యారు.

అదే 1936లో ఇంకో చిత్రం జరిగింది. మంగేయి గొమాంగొ అనే సవర పెద్దమనిషి తన భాషకు సొంతంగా ఒక లిపి తయారు చేశాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. అందులో 24 అక్షరాలు. తెలుగు అక్షరాలూ కాదు, ఒడియా అక్షరాలూ కాదు, రోమను అక్షరాలూ కాదు. చుట్టూ ఉన్న పెద్ద భాషలవాళ్ళు నేల పంచుకుంటుంటే, కొండ మీద మనిషి తన అక్షరాలు తాను గీసుకున్నాడు. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే చేరింది. సొరాంగ్ సొంపెంగ్ 2012లో చేరింది. మా సాఫ్ట్‌వేర్ మిత్రులెవరైనా ఈ అక్షరాలు ఫోన్లో తెరిచి చూడండి, ముచ్చటగా ఉంటాయి.

ఇలాంటి ఊరు ప్రపంచంలో ఇదొక్కటే కాదు. ఇంగ్లండుకూ వేల్సుకూ సరిహద్దులో ఆస్వెస్ట్రీ అని ఒక సంత ఊరు ఉంది. వెల్ష్ భాషలో క్రోయెస్ ఓస్వాల్ట్ అంటారు. 1535లో చేసిన చట్టం దాన్ని ఇంగ్లండులోని ష్రాప్‌షైరుకు ఇచ్చేసింది. అయినా వేల్సు కొండల రైతులు గొర్రెలు తోలుకుని ఆ సంతకు రావడం మానలేదు, ఊళ్ళో వెల్ష్ మాట చెవిన పడటమూ మానలేదు. ఆ ఊరి బడిలో చదువుకుని, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ లూయిడ్ అనే ఆయన 1707లో ఒక పుస్తకం వేసి, వెల్ష్, ఐరిష్, బ్రెటన్, కార్నిష్ భాషలు చుట్టాలని చూపించాడు. సరిహద్దు సంత ఊరి బడిపంతులుకు భాషల పిచ్చి పట్టడం అక్కడా జరిగిందని తెలిసి సంతోషించాం. ఒకే వస్తువుకు మూడు పేర్లు రోజూ వినేవాడికి, ఏది అసలు పేరు అనే అహంకారం ఉండదేమో!

పర్లాకిమిడి రైలు గురించి చెప్పకపోతే ఆ బాబు ఊరుకోడు. ఇది వాడికి ఇష్టమైన భాగం. రాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడికి సొంత ఖర్చుతో చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 1936లో గీత పడ్డాక ఆ రైలు ఒక రాష్ట్రంలో బయలుదేరి ఇంకో రాష్ట్రంలో ఆగేది. గార్డు విజిల్ మాత్రం మారలేదు. 2004లో చిన్న రైలును ఆపి, పెద్ద లైను వేశారు. 2010, 2011 సంవత్సరాల్లో మళ్ళీ రైళ్ళు మొదలయ్యాయి. తాతగారు చిన్నరైలు ఎక్కారు, మనవడు పెద్ద రైలు ఎక్కాడు. సంతకు వెళ్ళడానికి మాత్రం ఇద్దరూ ఆటోయే ఎక్కుతారట, బేరం కుదిరితే.

ఇప్పుడు మా బడిలో ఎర్ర పెన్నుతో పాటు ఆకుపచ్చ పెన్ను కూడా పెట్టుకున్నాం. ఇంటి మాట రాస్తే కొట్టేయం. దాని చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టి, పక్కన పుస్తకం మాట రాస్తాం. రెండూ నేర్చుకోవాలి. ఇందువల్ల మాకే పని పెరిగింది. చిత్తూరు పిల్లలు, కరీంనగర్ పిల్లలు, నెల్లూరు పిల్లలు ఎవరి మాటలు వాళ్ళు తెచ్చి, మీకిది తెలుసా అని మమ్మల్ని పరీక్షిస్తున్నారు. సగం మాకు తెలియవు. ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగి మరుసటి శుక్రవారం చెబుతున్నాం.

ఆ బాబు చేత ఈ సంచిక కోసం వ్యాసం మళ్ళీ రాయించాం. తాత ఊరు ఆంధ్రలో ఉందనీ, సంత ఒడిశాలో ఉందనీ, టోపీ ఎక్కడుందో తెలియదనీ రాశాడు. ఈసారి ఎర్ర పెన్ను పెట్టింది ఒక్కచోటే. మహేంద్రతనయలో "హే" అని దీర్ఘం ఇవ్వవలసిన చోట "హె" అని రాశాడు.